జీతాల వారంలో ఎర్రగా మిగిలిన టెస్టు

హైదరాబాద్‌లో జీతాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసే టీమ్‌లో పనిచేస్తాను. చిన్న ఫ్యాక్టరీలు, ప్రైవేటు స్కూళ్ళు, నర్సింగ్‌హోములు, సెక్యూరిటీ ఏజెన్సీలు మా ఖాతాదారులు. నెలాఖరుకి వాళ్ళ అకౌంట్స్ మనిషి ఒక బటన్ నొక్కితే హాజరు, సెలవులు, ఓవర్‌టైమ్, పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తిపన్ను, టీడీఎస్ అన్నీ లెక్కలోకి వచ్చి పేస్లిప్పులు తయారవుతాయి. ఆ బటన్ వెనకాల ఉన్న కోడ్‌ని మార్చడం, మార్చినప్పుడు పాత లెక్క చెడలేదని చూసుకోవడం మా రోజువారీ పని.

చెడలేదని చూసుకోవడానికే టెస్టులు. ఈ రంగంలో నిబంధనలు మారుతూనే ఉంటాయి. ఈఎస్‌ఐ పరిమితి 2017 జనవరిలో నెలకి 21,000 రూపాయలైంది. 2019 జూలైలో కార్మికుడి వాటా 1.75 శాతం నుంచి 0.75కి, యజమాని వాటా 4.75 నుంచి 3.25కి తగ్గాయి. పాత నెలల బకాయిలు తిరగతోడితే పాత రేటే వర్తించాలి, కొత్త నెలలకి కొత్త రేటు. ఇలాంటివి ఒక్కొక్కటే కోడ్‌లోకి వస్తుంటే, దాని పక్కనే ఒక్కో టెస్టు కూడా చేరుతూ వచ్చింది. నేను చేరేనాటికే అవి వేలల్లో ఉన్నాయి. మొత్తం ఒకసారి నడిపితే లాప్‌టాప్ మీద 50 నిమిషాలు.

ఇంత నెమ్మదిగా ఉండాలని ఎవరూ నిర్ణయించింది కాదు. ఒకరు రెండు సెకన్ల టెస్టు చేరుస్తారు, ఇంకొకరు బ్రౌజర్ తెరిచి లాగిన్ అయ్యే టెస్టు చేరుస్తారు. ఏ ఒక్కదాన్నీ తప్పుపట్టలేం. అన్నీ కలిసి మా రోజుని తినేసేవి.

ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో చెప్పాలి. బయటివాళ్ళకి ఇది ఒక కష్టంలా అనిపించదు, కూర్చునే కదా చూసేది అంటారు. ఒక ఫంక్షన్‌లో రెండు లైన్లు మారుస్తాను. కమాండ్ కొడతాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే పడతాయి. కుడివైపు చివర ఒకటి శాతం, రెండు శాతం. లాప్‌టాప్ ఫ్యాన్ గోల మొదలవుతుంది. మెయిల్ చూస్తాను, ఇంకో పని తెరుస్తాను, దాంట్లో పడతాను. 62 శాతం దగ్గర చుక్కకి బదులు ఎర్రటి 'ఎఫ్' ఒకటి పడుతుంది. అది ఏమిటో తెలియాలంటే చివరిదాకా ఆగాలి, లేదా అక్కడే ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలి. అయ్యేసరికి నేను ఆ రెండు లైన్లు ఎందుకు మార్చానో సగం మర్చిపోయి ఉంటాను. దాన్ని మళ్ళీ తలకెక్కించుకుని, సరిచేసి, మళ్ళీ కమాండ్. మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలుపెట్టిన చిన్న మార్పు సాయంత్రం ఆఫీసు బస్సు వెళ్ళిపోయాక కూడా నా ఒళ్ళోనే ఉండేది.

అలా ఎక్కువ కాలం ఎవరూ ఉండలేరు. మనుషులు దారులు వెతుక్కున్నారు. కొందరు నాలుగైదు మార్పులు ఒక్కసారే చేసి చివర్లో ఒక్కసారి టెస్టులు నడిపేవారు. అప్పుడు ఏది దేన్ని చెడగొట్టిందో తేల్చడానికి ఇంకో పూట. కొందరు తమ ఫైలుకి సంబంధించిన టెస్టులు మాత్రం నడిపి పంపేసేవారు. ఇంకొందరు ఏమీ నడపకుండానే సర్వర్‌కి పంపి, అక్కడ తేలుతుందిలే అనుకునేవారు. అప్పట్లో సర్వర్‌లో టెస్టులు నడిపే బిల్డ్ మెషీన్లు రెండే. నెలాఖరు వారంలో బ్రాంచులన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూలో నిలబడేవి. పొద్దున పంపినదానికి ఫలితం చీకటిపడ్డాక వచ్చేది.

వచ్చిన ఫలితాన్నీ నమ్మేట్టు ఉండేది కాదు. బ్రౌజర్ టెస్టుల్లో కొన్ని ఈరోజు పాసవుతాయి, రేపు ఫెయిలవుతాయి. పేజీ తెరుచుకోవడం అర సెకను ఆలస్యమైతే చాలు. కాబట్టి బిల్డ్ ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. మొదట్లో ఎరుపు కనిపిస్తే అందరం చూసేవాళ్ళం. తర్వాత మళ్ళీ ఒకసారి నడిపి చూసేవాళ్ళం. ఆ తర్వాత చూడటం మానేశాం. కొత్తగా చేరిన అమ్మాయిని, బిల్డ్ ఎర్రగా ఉంది కదా, అసలు కోడ్‌లో ఎలా కలిపావు, ఎలా మెర్జ్ చేశావని అడిగితే, "అక్కా, అది మామూలేనంట కదా" అంది. ఆ పిల్లకి ఆ మాట ఎవరో నేర్పారు. ఆమె చేరి నెల కూడా కాలేదు. ఒక టీమ్‌లో ఎర్ర రంగు మామూలైపోయిందంటే ఆ టెస్టులు ఉన్నా లేనట్టే అని ఆరోజే అర్థమైంది. పైవాళ్ళకి చెప్పాను కూడా. జీతాల వారం అయిపోయాక చూద్దామన్నారు. జీతాల వారం ప్రతి నెలా వస్తుంది.

ఆ ఏడాది ఆగస్టులో, పంద్రాగస్టుకి నాలుగైదు రోజుల ముందు ఫోన్ వచ్చింది. జీడిమెట్ల వైపున్న ఒక ఫ్యాక్టరీ అకౌంటెంట్. పెద్దాయన, సాఫ్ట్‌వేర్లు రాకముందు రిజిస్టర్లలో జీతాలు రాసిన మనిషి.

"అమ్మా, మా దగ్గర పదకొండు మందికి ఈఎస్‌ఐ కట్ కాలేదు. ఇంక్రిమెంట్లు వేశాం, నిజమే. అయినా సెప్టెంబరు దాకా కట్ అవ్వాలి కదమ్మా?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈఎస్‌ఐలో చందా కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదట్లో పరిధిలో ఉన్న మనిషి జీతం మధ్యలో 21,000 దాటినా ఆ కాలం ముగిసేదాకా పరిధిలోనే ఉంటాడు, పెరిగిన పూర్తి జీతం మీద చందా కట్టాలి. ఏప్రిల్‌లో 20,500 ఉన్నవాడికి జూలైలో 21,800 అయిందనుకోండి. జూలైలో అతని వాటా 163 రూపాయల 50 పైసలు, పై రూపాయికి సవరిస్తే 164. యజమాని వాటా 709. అక్టోబరు జీతం నుంచి ఆగిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ జూలైలోనే ఆపేసింది. అంతకుముందు రిలీజ్‌లో ఆ లెక్కని శుభ్రం చేసినప్పుడు, కాలం మొదట్లో మనిషి పరిధిలో ఉన్నాడా లేడా అని కాకుండా ఈ నెల జీతం ఎంత అని మాత్రమే చూసేలా మారింది.

ఆ మార్పు మీద చిన్న టెస్టులన్నీ పాసయ్యాయి. అవి ఒక్కో నెలని విడిగా చూసేవి. 20,500 అయితే కట్ అవ్వాలి, అయింది. 21,800 అయితే కట్ కాకూడదు, కాలేదు. ఏప్రిల్‌ని, జూలైని కలిపి చూసే టెస్టు ఒకే ఒక్కటి ఉంది. ఒక ఊహా కంపెనీకి ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలు వరసగా జీతాలు వేసి, మధ్యలో ఇంక్రిమెంట్లు, జీతం లేని సెలవులు, మధ్యలో చేరినవాళ్ళు, మానేసినవాళ్ళు అందరినీ పెట్టి చివర్లో లెక్క సరిచూసే టెస్టు. దానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ టెస్టు తప్పు పట్టుకుంది. రిలీజ్‌కి ముందే పట్టుకుంది. పాత బిల్డ్ ఫలితాలు తెరిచి చూస్తే, ఊరికే ఫెయిలయ్యే బ్రౌజర్ టెస్టుల మధ్య దాని పేరు కూడా ఎర్రగా కనిపించింది. ఏ నెలలో, ఎంతకి బదులు ఎంత వచ్చిందో కూడా విడమరిచి రాసి ఉంది. చదివినవాళ్ళు లేరు.

నాకు ఈఎస్‌ఐ అంటే పేస్లిప్పులో ఒక గడి కాదు. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. ఆయన మంచాన పడ్డప్పుడు ఇంటికి వచ్చిన డబ్బు అదే. చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి ఉంటే, జబ్బు చేసి పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదిలో 91 రోజుల దాకా. ఏప్రిల్–సెప్టెంబరు చందా మీద వచ్చే ఏడాది జనవరి–జూన్ ప్రయోజనం ఆధారపడుతుంది. అందుకని ఆ రాత్రి డేటాబేస్‌లో ఎవరెవరికి ఏప్రిల్‌లో కట్ అయి, మానేయకుండానే తర్వాత ఆగిపోయిందో వెతికినప్పుడు, వచ్చిన జాబితాలో నా కళ్ళు రోజుల గడి మీదికే వెళ్ళాయి. ఒక మెషిన్ ఆపరేటర్, మే నెలలో ఎక్కువ రోజులు జీతం లేని సెలవు. ఏప్రిల్‌లో 30, మేలో 10, జూన్‌లో 30. మొత్తం 70. జూలై, ఆగస్టు, సెప్టెంబరు పడకపోతే అతను 78 దాటడు. జనవరిలో అతనికి కాలు విరిగితే ఇంటికి రావాల్సిన డబ్బు రాదు, ఎందుకు రాలేదో అతనికి ఎవరూ చెప్పలేరు.

జాబితాలో ఉన్నది ఆ ఒక్క ఫ్యాక్టరీయే కాదు. ఇంక్రిమెంట్లు వేసిన ఖాతాదారులు చాలామంది ఉన్నారు. కొందరు జూన్ జీతంతోనే పెంచారు. జూన్ చందా జూలై 15లోపు కట్టాలి, ఆ గడువు అప్పటికే దాటిపోయింది, కాబట్టి దానిమీద ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ. జూలై చందాకి ఆగస్టు 15 దాకా గడువుంది. దానికోసం పరిగెత్తాం. అసలు కష్టం ఇంకోచోట వచ్చింది. కార్మికుడి వాటాని ఏ కాలం జీతానికి సంబంధించిందో ఆ జీతం నుంచే కోయాలి, తర్వాతి జీతాల్లో కోయకూడదని అప్పటి ఈఎస్‌ఐ చట్టం చెప్పేది. జూలై జీతాలు అప్పటికే చేతికి ఇచ్చేశారు. అంటే కార్మికుల వాటా కూడా యజమానే భరించాలి. తప్పు వాళ్ళది కాదు. ఒక్కో ఖాతాదారుకి ఫోన్ చేసి ఇది చెప్పాలి.

చెప్పాను. పగలు ఫోన్లు, రాత్రి దిద్దుబాటు. దిద్దిన లెక్క పంపేముందు టెస్టులు నడపాలి, నడిపితే 50 నిమిషాలు. ఆ రాత్రుల్లో ఆ 50 నిమిషాలంత బరువైనవి నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ చూడలేదు. గడువు దగ్గరపడుతోంది, దిద్దినది మళ్ళీ ఇంకోచోట చెడిందేమో తెలియదు, తెలుసుకోవాలంటే ఆగాలి, ఆగితే ఇంకో ఖాతాదారుకి ఆలస్యం. మా పాప నిద్రపోయాక ఇంటికి చేరడం, లేవకముందే బయల్దేరడం. టీమ్‌లో ఒకరికి జ్వరం వచ్చినా రాకతప్పలేదు. వడ్డీ, వాటా మా కంపెనీయే పెట్టుకుంది. జీడిమెట్ల పెద్దాయన మాత్రం చివర్లో, "పోనీలెండమ్మా, పదిహేనులోపు కట్టేశాం" అన్నాడు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. ఆ నెల తర్వాత ఇద్దరు ఉద్యోగం మానేశారు. వాళ్ళలో ఒకరు చాలా మంచి ఇంజినీరు, రోజంతా ఎదురుచూడటానికి నేను చదువుకోలేదని చెప్పి వెళ్ళారు.

సెప్టెంబరులో మీటింగ్ పెట్టారు. నా ప్రతిపాదన ఒకటే. నిజంగా ఎక్కువసేపు పట్టే టెస్టులకి గుర్తు పెడదాం. రోజూ కోడ్ రాసుకునేటప్పుడు లాప్‌టాప్ మీద అవి నడవకుండా, అడిగితేనే నడిచేలా చేద్దాం. మిగిలినవి రెండు నిమిషాల్లో అయిపోవాలి.

మా లీడ్ ఒప్పుకోలేదు. నాకంటే చాలా అనుభవం ఉన్న మనిషి, ఊరికే అడ్డం పడే రకం కాదు. "అమ్మా, తప్పు పట్టుకున్నది ఆ స్లో టెస్టే. దాన్నే నడపక్కర్లేదంటున్నావు. పోయిన కంపెనీలో ఇలాగే పక్కన పెట్టాం. ఆరు నెలలకి ఒక్కటీ నడిచే స్థితిలో లేదు. చివరికి ఆ ఫోల్డరే తీసేశారు" అన్నారు.

ఆయన భయం నిజమైందే. కానీ మాకు జరిగింది దానికి తిరగేసిన సంగతి. మా దగ్గర ఏ టెస్టూ పక్కన పెట్టలేదు. అన్నీ తప్పనిసరే, అన్నీ ఒకే రాశిలో, అందుకే ఏదీ నడవలేదు. రాసుకునే మనిషి దగ్గర వదిలిపెట్టడం వేరు, కోడ్ లోపలికి వచ్చే గుమ్మం దగ్గర వదిలిపెట్టడం వేరు. మొదటిది చేద్దాం, రెండోది ఎప్పటికీ వద్దు అన్నాను.

ఇది మేం కనిపెట్టిందేం కాదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మన అందరి ఫోన్లలో ఉంటుంది. దాన్ని తయారుచేసేవాళ్ళు కోడ్ చేర్చేముందు 'వెరీ క్విక్' అని పిలిచే కొన్ని లక్షల పరీక్షలు నడుపుతారు, కొన్ని నిమిషాల్లో అవుతాయి. గంటల తరబడి పట్టేవి దాంట్లో ఉండవు, వాటిని రిలీజ్‌కి ముందు తప్పకుండా నడుపుతారు. గో భాషలో 'షార్ట్' అనే ఒక సూచన భాషతోపాటే వస్తుంది, అది ఇస్తే పెద్ద టెస్టులు తమంతట తామే తప్పుకునేలా రాసుకోవచ్చు. గూగుల్‌లో టెస్టుల్ని చిన్న, మధ్య, పెద్ద అని విడదీసి ఒక్కో రకానికి ఒక కాలపరిమితి పెట్టారు. పాత కోడ్‌తో ఎలా పనిచేయాలో 2004లో పుస్తకం రాసిన మైకేల్ ఫెదర్స్ అయితే, సెకనులో పదో వంతు పట్టే యూనిట్ టెస్టునే నెమ్మదైనదన్నాడు. టెస్టులు నడపడానికి మేం వాడే పైటెస్ట్ డాక్యుమెంటేషన్‌లోనే 'స్లో' అనే గుర్తు పెట్టి, అడిగితే తప్ప నడవకుండా చేసే ఉదాహరణ ఉంది. ఇవన్నీ మీటింగ్‌లో చూపించాను. లీడ్ ఒక షరతు పెట్టారు. గుర్తులు పెట్టేముందు, ఏది ఎందుకు నెమ్మదో తేల్చాలి. నిజంగా మంచి షరతు. అది లేకపోతే మేం మా చెత్తనంతా 'స్లో' అనే మూట కట్టి అటక మీద పెట్టేవాళ్ళం.

పైటెస్ట్‌లో 'డ్యూరేషన్స్' అని ఒక సౌకర్యం ఉంది. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టినవాటిని వరసపెట్టి చూపిస్తుంది. ఆ వరస చూస్తే, మేం ఊహించిన పేర్లు పైన లేవు.

చాలా టెస్టుల్లో కాలమంతా అసలు పరీక్షకి ముందే పోతోంది. ప్రతి టెస్టూ ఒక కొత్త యూజర్‌ని తయారుచేసి పాస్‌వర్డ్ పెడుతుంది. మేం వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.2లో పాస్‌వర్డ్‌ని దాచేముందు 6 లక్షల సార్లు మధిస్తారు. దొంగ ఎవడైనా డేటాబేస్ ఎత్తుకుపోయినా ఒక్కో పాస్‌వర్డ్ ఊహించడానికి వాడికి ఎక్కువసేపు పట్టాలని కావాలనే నెమ్మదిగా పెట్టారు. నిజమైన సర్వర్‌లో అలాగే ఉండాలి. టెస్టులో దొంగ లేడు. టెస్టుల సెట్టింగ్స్‌లో తేలికపాటి పద్ధతి పెట్టుకోమని జాంగోవాళ్ళే చెప్పారు. ఒక లైన్ మార్చాం. ఆ ఒక్క లైన్‌తో నిమిషాలకి నిమిషాలు తగ్గినప్పుడు మా గదిలో ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా అని నిశ్శబ్దంగా చూశారు.

తర్వాతది డేటాబేస్. ప్రతిసారీ టెస్టు డేటాబేస్‌ని సున్నా నుంచి కట్టి, ఏళ్ళ తరబడి పేరుకున్న డేటాబేస్ మార్పులు, అంటే మైగ్రేషన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిపేది. దాన్ని ఉంచేసి మళ్ళీ వాడుకునే వీలు ఉంది, పెట్టాం. ఒకే రకం టెస్టుల గుంపుకి కావాల్సిన ఉద్యోగుల డేటాని ప్రతి టెస్టుకీ విడిగా కాకుండా గుంపుకి ఒకసారే తయారుచేశాం. ఇక 'స్లీప్'లు. మెయిల్ వెళ్ళిందో లేదో చూడటానికి ఐదు సెకన్లు ఊరికే ఆగమని రాసినవి చాలా ఉన్నాయి. ఒకచోట పది కూడా ఉంది. వాటిని తీసేసి, పని పూర్తయిందా అని నేరుగా అడిగేలా రాశాం. గుర్తు అనేదే పెట్టకుండా 50 నిమిషాలు 20లోపుకి వచ్చింది.

మిగిలినవి మాత్రం నిజంగా పెద్దవి. పన్నెండు నెలల జీతాల టెస్టులు, బ్రౌజర్ టెస్టులు, పేస్లిప్ పీడీఎఫ్‌లు నిజంగా తయారుచేసి చూసేవి, పదివేల వరసల బ్యాంకు ఫైలుని చదివేవి. వీటికి గుర్తు పెట్టాం. మామూలుగా కమాండ్ కొడితే ఇవి నడవవు. చివర్లో ఇన్ని పాస్, ఇన్ని పక్కన పెట్టాం అని పైటెస్ట్ చెబుతుంది. ఆ రెండో అంకె దాచే ఏర్పాటు చేద్దాం, తెర శుభ్రంగా ఉంటుందని ఒకరన్నారు. నేను పట్టుబట్టి ఉంచాను. నడపనిది ఎంతుందో ప్రతిసారీ కంటపడాలి. గుర్తు పేరులో అక్షరం తప్పు రాస్తే వెంటనే ఆపేసే కట్టుదిట్టమైన పద్ధతి కూడా పెట్టాం, లేకపోతే తప్పు పేరున్న టెస్టు ఎటు పోయిందో తెలియదు.

మెర్జ్ దగ్గర అన్నీ నడవాలి, గుర్తున్నా లేకపోయినా. నాలుగు మెషీన్ల మీద పంచితే పది నిమిషాల చిల్లరలో అవుతుంది. రాత్రి ఒంటిగంటకి మొత్తం మళ్ళీ నడుస్తుంది, దాని ఫలితం పొద్దున పదింటిలోపు ఒక మనిషి చూడాలి. వారానికి ఒకరు, వంతులవారీగా. మొదటి వారం నేను తీసుకుంటానని లీడ్ తనంతట తానే అన్నారు. రోజుకో రకంగా తేలే బ్రౌజర్ టెస్టుల్ని విడిగా ఒక జాబితాలో పెట్టి, ఒక్కోదానికి ఒక తేదీ వేశాం. ఆ తేదీలోపు బాగుచేయాలి, లేదా తీసేయాలి. కొన్ని బాగుపడ్డాయి, ఎక్కువ తీసేశాం. తీసేసినందుకు నాకు విచారం లేదు. మనిషి నమ్మని టెస్టు పక్కవాటి మీద నమ్మకం కూడా తినేస్తుంది.

అప్పటికీ అంతా సాఫీగా సాగలేదు. మొదటి నెలాఖరులోనే ఒక టెస్టు లాప్‌టాప్ మీద ఫెయిలవుతుంటే, ఒక కుర్రాడు దానికి 'స్లో' గుర్తు పెట్టి పంపాడు. ఆ టెస్టుకి పట్టేది సెకనులో చిన్న ముక్క. మెర్జ్ దగ్గర ఎలాగూ ఆగిపోయింది, కానీ ఆ ఆలోచన వచ్చినందుకే నాకు గుండె జారింది. ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు, జీతాల వారంలో రాత్రి పదకొండుకి ఎవరి బుర్రైనా అలాగే పనిచేస్తుంది. దానికి బదులు ఒక కట్టడి పెట్టాం. గుర్తు పెట్టాలంటే ఆ టెస్టుకి ఎంతసేపు పట్టిందో కొలిచి మార్పుతోపాటు చూపించాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఆ తర్వాత చేసిన పని. స్లో టెస్టు ఏదైనా ఒక తప్పు పట్టుకుంటే, బాగుచేసి ఊరుకోం. ఆ తప్పు ఏ నిబంధన దగ్గర జరిగిందో ఆ ఒక్క నిబంధనకి చిన్న టెస్టు రాస్తాం. ఈఎస్‌ఐ సంగతే తీసుకుంటే, డేటాబేస్‌తో పనిలేకుండా, ఒక చిన్న ఫంక్షన్‌కి చందా కాలం మొదటి నెల జీతం, ఈ నెల జీతం, తేదీ ఇస్తే, కట్ అవ్వాలా వద్దా, ఎంత అని చెప్పేలా విడదీశాను. దాని టెస్టులో ఏప్రిల్ 20,500, జూలై 21,800, జవాబు 164. అదే మనిషికి సెప్టెంబరులో 164. అక్టోబరులో సున్నా. అక్టోబరులో కొత్తగా 20,900తో చేరినవాడికి 157. ఇవన్నీ కలిపి కళ్ళు ఆర్పేలోపు అయిపోతాయి. ఆ లెక్కని ఎవరైనా మళ్ళీ ముట్టుకుంటే, సర్వర్ దాకా వెళ్ళక్కర్లేకుండా వాళ్ళ ఒళ్ళోనే ఎర్రగా పడుతుంది. పన్నెండు నెలల టెస్టు మాత్రం అలాగే ఉంది. మనం ఊహించని కలయికల్ని పట్టుకునేది అదే కాబట్టి దాన్ని ఎప్పటికీ తీయనివ్వను.

ఇప్పుడు నా లాప్‌టాప్ మీద రోజువారీ టెస్టులు ఒకటిన్నర నిమిషంలో అవుతాయి. రెండు లైన్లు మార్చి, నడిపి, చూసి, మళ్ళీ మారుస్తాను. ఆలోచన తెగదు. మార్పులు చిన్నవైపోయాయి, ఒక్కోటి చదివి అర్థం చేసుకోవడం తేలికైంది. కొత్త అమ్మాయి ఈమధ్య తన వంతు వారంలో, మెర్జ్ దగ్గర విడివిడిగా పాసైన మార్పులు కలిసేసరికి రాత్రి బిల్డ్‌లో వృత్తిపన్ను టెస్టు ఒకటి ఫెయిలైతే పదింటికి కాదు, తొమ్మిదిన్నరకే మార్పు చేసినవాళ్ళ సీటు దగ్గర నిలబడింది. జీతం సరిగ్గా 20,000 ఉన్నవాడికి 150కి బదులు 200 కట్ అవుతోంది. తెలంగాణలో 20,000 దాటితేనే 200. యాభై రూపాయల తేడా, అది ఏ ఖాతాదారు దాకా వెళ్ళకముందే ఆగింది.

ఒక విషయం ఇంకా తేలలేదు. నెలాఖరు రోజున అర్జెంటుగా దిద్దుబాటు పంపాల్సి వస్తే, మెర్జ్ దగ్గర ఆ పది నిమిషాలు కూడా వదిలేయొచ్చా అని మేనేజర్ అడుగుతున్నారు. జీతాలు ఆగిపోయి ఖాతాదారు ఫోన్‌లో ఉన్నప్పుడు పది నిమిషాలు ఎక్కువేనని ఆయన వాదన. బ్రౌజర్ టెస్టులు, పీడీఎఫ్‌లు వదిలి, తర్వాత నడుపుకుందామంటే ఒప్పుకున్నాను. పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తిపన్ను, టీడీఎస్ టెస్టుల గుంపుని మాత్రం ఏ రోజునా, ఎవరు అడిగినా వదలకూడదన్నాను. దానికి విడిగా ఒక గుర్తు పెట్టి, దాన్ని దాటే అధికారం మేనేజర్‌తో సహా ఎవరికీ లేకుండా సర్వర్‌లో కట్టేశాం. లీడ్ ఈసారి నా పక్షాన మాట్లాడారు. వచ్చే నెల జీతాల వారానికి ముందు దీనిమీద మళ్ళీ కూర్చుంటాం. నా మాట మారదని ముందే చెప్పాను.